ఎరుక యంత్రానికి చెవుల్లేవు

పైల అసిరినాయుడి వేళ్లకు గీతలు లేవు. పుట్టినప్పుడు ఉండేవట. పద్దెనిమిదో ఏట జీడిపిక్కల బట్టీలో చేరాడు. పిక్క కొట్టినప్పుడల్లా చిమ్మే జీడిరసం దాదాపు యాభై ఏళ్లపాటు ఆ వేళ్లను తిన్నంత తిని, పదింటినీ గులకరాళ్లలా నున్నగా చేసి వదిలింది. తన చేతిలోంచి పాము కూడా జారిపోతుందని అతను చెప్పుకునేవాడు. అందులో నిజమెంతో పామే చెప్పాలి.

కళ్ల సంగతి చూద్దామంటే అవీ అతనివి కావు. పొరలు కమ్మితే సర్కారువారు తీసేసి, ప్రయోగశాలలో పెంచిన కళ్లు పెట్టారు. ఒకే అచ్చులోంచి లక్షా పాతికవేల మందికి పెట్టారు. ఆ కంటిపాపను చూసి ఇతను అసిరినాయుడేనని చెప్పడమంటే, ప్లాస్టిక్ బకెట్టును చూసి అది ఎవరింటిదో చెప్పడమన్నమాట.

ఇక ముఖం. క్రీస్తుశకం 2093 నాటికి ముఖమనేది బజార్లో దొరికే వస్తువు. బయోప్రింటర్లు వచ్చాక అరచేయి, గొంతు, కంటిపాప, చివరికి నెత్తుట్లో ఉండే డి.ఎన్.ఎ. కూడా పొట్లం కట్టి అమ్మేవాళ్లు తయారయ్యారు. ఒక జిల్లాలో ఒకే కలెక్టరు ఒకే రోజు ఒకే గంటలో పదిహేడు చోట్ల జెండా ఎగరేశాడు. అసలు కలెక్టరు ఆ పూట జ్వరంతో ఇంట్లో పడుకున్నాడు. సంగతి తెలిసి దుప్పటి కప్పుకుని ఆఫీసుకు పరిగెత్తితే, గుమ్మం దగ్గర పోలీసులు ఆయన్నే నకిలీ అని పట్టుకున్నారు. ఆయన ఆయనేనని తేలడానికి పదకొండు నెలలు పట్టింది. తేలేసరికి రిటైరయ్యాడు.

అదిగో, అప్పుడు పుట్టింది ఎరుక యంత్రం. కాగితాల మీద దాని పేరు రికగ్నిషన్ రెస్పాన్స్ అనలైజర్. జనం ఎరుక యంత్రం అన్నారు, అదే నిలిచింది.

ఆ యంత్రం ఇప్పుడు మొగలిరేవు ఊళ్లో, ఖాళీ అయిన బడి వరండాలో, నీలిరంగు బీరువాలా నిలబడి ఉంది. దాని ముందు బెంచీ మీద అసిరినాయుడూ అతని భార్య నీలమ్మా కూర్చున్నారు. ఊళ్లో ఇంకెవరూ లేరు. ఆగండాగండి, ఒకడున్నాడు. వాడి సంగతి తరువాత.

ఊరెందుకు ఖాళీ అయిందంటే, సముద్రం వల్ల. అది మొదట చుట్టపుచూపుగా వచ్చింది. పెరళ్లలోకి తొంగిచూసి వెళ్లిపోయేది. తరువాత తరువాత అలిగిన అల్లుడిలా వచ్చి వాకిట్లో కూర్చుంది. ఈ ఏడు ఏకంగా వంటింట్లో కాళ్లు చాపుకుని పడుకుంది. సర్కారువారు నలభై మైళ్ల లోపల కొండవార కొత్త మొగలిరేవు కట్టి, ఊరు ఊరంతటినీ అక్కడికి తరలించారు. ఆఖరి బస్సు ఈ రోజే, సాయంత్రం నాలుగింటికి.

బస్సులు రెండు నిలబడి ఉన్నాయి. ఆకుపచ్చది కొత్త ఊరికి. బూడిదరంగుది గుర్తు తేలని వాళ్ల శిబిరానికి. శిబిరం మూడు జిల్లాల అవతల ఉంది. అక్కడికి వెళ్లినవాళ్లు బతికే ఉంటారు, మూడు పూటలా తింటారు కూడా. కానీ వాళ్ల కోసం ఎవరైనా వెళ్లి అడగాలంటే, ఎవరి కోసం వచ్చారో నిరూపించాలి. అది నిరూపణ అయ్యేదైతే వాళ్లు అక్కడ ఉండేవాళ్లే కాదు. అందుకని అక్కడికి వెళ్లినవాళ్లను ఎవరూ చూసిరాలేదు.

యంత్రాన్ని తెచ్చింది డాక్టర్ ఇందుమతి. ముప్ఫై నాలుగేళ్ల మనిషి, యంత్రాన్ని తయారుచేసిన బృందంలో ఆమె ఒకరు. ఊళ్లో ఉన్నది ముగ్గురే అయినా రూలు ప్రకారం మైకులోనే వివరించింది.

"ఈ యంత్రం మీ వేళ్లు చూడదు, కళ్లు చూడదు. అసలు మిమ్మల్ని చూడనే చూడదు. మిమ్మల్ని చూసినవాళ్లను చూస్తుంది."

"అంటే ఏటమ్మా?" అన్నాడు అసిరినాయుడు.

"తెలిసిన మనిషి కంటపడగానే మెదడులో ఒక అల లేస్తుంది తాతగారూ. మూడు వందల మిల్లీసెకన్లలో. అంటే రెప్పపాటు. ఫలానా మనిషి అని మనం అనుకునేలోపే అది లేచిపోతుంది. దాన్ని తెచ్చుకోవడం మన చేతిలో లేదు, ఆపడమూ మన చేతిలో లేదు. దానికి ఎరుక అల అని పేరు పెట్టాం. మీ ముఖాన్ని ఎవడైనా అచ్చు వేయగలడు కానీ, మిమ్మల్ని చూసి మీవాళ్లలో లేచే అలను అచ్చు వేయలేడు."

"నా మొకం ఏసుకుని ఇంకోడొస్తే?"

"ముఖం ఒక్కటే అయితే అల ముప్ఫై దాటి లేవదు. మీరు నిలబడే తీరు, మెడ తిప్పే తీరు, ఊపిరి, ఒంటి వాసన అన్నీ కలిస్తేనే పైకి లేస్తుంది. నూటికి డెబ్బై వస్తే మీరు మీరే."

"మరి సాచ్చి నోటితో ఏటీ సెప్పక్కర్నేదా?"

"అక్కర్లేదు. దీనికి నోరు పెట్టాం కానీ చెవులు పెట్టలేదు. మాటలు వింటే మోసపోతుందని."

సాక్షి ఒక తీగల జాలీ టోపీ పెట్టుకుని కుర్చీలో కూర్చోవాలి. ఎదురుగా చిన్న షట్టరు. దాని వెనుక గుర్తింపు కావలసిన మనిషి నిలబడాలి. షట్టరు పైకి లేస్తుంది, సాక్షి చూస్తాడు, అంతే. సాక్షి ముప్ఫై ఏళ్లుగా ఎరిగున్నవాడై ఉండాలి, ఎదురుగా ఉండాలి. తెరమీద చూస్తే చెల్లదు. ఒక్కో మనిషిని గుర్తించడానికి ఒక్కో సాక్షికి మూడు అవకాశాలు.

ముందు నీలమ్మది. అసిరినాయుడు టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. షట్టరు లేచింది. నీలమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది.

"ఎనభై ఒకటి," అంది యంత్రం, చదువుకున్న ఆడగొంతుతో. "గుర్తింపు ధ్రువీకరించబడింది. అభినందనలు."

"సూసేవా!" అన్నాడు అసిరినాయుడు మీసం దువ్వుకుంటూ. "నువ్వంటే నాకంత పేమ!"

"పేమో బయమో దానికేటి తెలుసు," అంది నీలమ్మ కార్డు పుచ్చుకుని.

తరువాత అతని వంతు. నీలమ్మ టోపీ పెట్టుకుంది. అసిరినాయుడు షట్టరు వెనుక ఛాతీ పొంగించి నిలబడ్డాడు. షట్టరు లేచింది. నీలమ్మ అతని వైపు చూసింది.

"పదకొండు," అంది యంత్రం. "గుర్తింపు లేదు."

డాక్టర్ ఇందుమతి ముందుకు వంగి తీగలన్నీ నొక్కి చూసింది. సరిగ్గానే ఉన్నాయి. మళ్లీ పెట్టింది. ఈసారి అసిరినాయుడు పెళ్లినాటి ఫోటోలోలాగా తల ఎడమకు వంచి, కొంచెం నవ్వాడు.

"తొమ్మిది."

మూడోసారి ఏం చేయాలో తోచక తలకు తువ్వాలు చుట్టుకున్నాడు.

"పద్నాలుగు. గుర్తింపు లేదు. ఈ సాక్షి అవకాశాలు పూర్తయ్యాయి. ధన్యవాదాలు."

"ఆ ఐదు ఎందుకు పెరిగాయి మామ్మగారూ?" అంది ఇందుమతి, ఉండబట్టలేక.

"తువ్వాలు ఉతకాలమ్మా, మాసిపోనాది," అంది నీలమ్మ.

అసిరినాయుడు షట్టరు వెనుకనుంచి మెల్లగా ఇవతలికి వచ్చాడు. డెబ్బై రెండేళ్ల మనిషి ఒక్క నిమిషంలో ఎనభై రెండేళ్లవాడయ్యాడు. "నలబై ఐదేళ్లు! నలబై ఐదేళ్లు ఒక్క కంచంలో తిన్నాం. నాను నీకు పదకొండా? నా మొకం తొడుక్కుని ఏ దొంగెదవొచ్చినా ముప్పై వస్తాయట! ఆడొస్తే గుర్తుపడతావు, నన్ను పట్టవు!"

నీలమ్మ టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆమెకూ కంగారుగానే ఉంది. అది కనిపించకుండా గసిరింది. "మరేటి మావా? రోజూ సూసే మొకమే గదా. పొద్దున్న లెగిసి తూరుపు దిక్కు సూసి, ఓలమ్మో సూరీడొచ్చీసేడని ఉలిక్కిపడతానేటి?"

ఇందుమతి ఆ మాట పుస్తకంలో రాసుకుంది. ఆమెకు అప్పుడు అర్థమైంది తప్పెక్కడ జరిగిందో. ప్రయోగశాలలో పరీక్షకు కూర్చున్న దంపతులందరూ పట్నంవాళ్లు. ఎవరికీ పెళ్లయి ఆరేళ్లు దాటలేదు. నలభై ఐదేళ్ల కాపురాన్ని ప్రయోగశాలకు తీసుకురావాలని ఎవరికి తోస్తుంది? చూసి చూసి కళ్లకు అలవాటైపోతే మెదడు ఇక అల లేపదు. ఇంట్లో గడియారం చప్పుడు వినబడనట్టే.

అర్థమయితే అయింది కానీ, రూలు మార్చే అధికారం ఆమెకు లేదు. గడియారం రెండున్నర చూపిస్తోంది.

"ఇంకెవరున్నారు తాతగారూ? మిమ్మల్ని ముప్ఫై ఏళ్లుగా ఎరిగినవాళ్లు?"

 నీలమ్మ కళ్లు వీధి అవతల ఇంటివైపు తిరిగాయి. ఆ అరుగు మీద కుర్చీలో ఒక మనిషి ఇటు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. ఇందాక తరువాత చెబుతానన్నది వీడి సంగతే.

పేరు కొర్రాయి డిల్లేశ్వరరావు. ఊరికి డిల్లేసు. నలభై ఆరేళ్ల కిందట ఇద్దరూ ఒకే తప్పెటగుళ్ల దళంలో గుండెలకు రేకులు కట్టుకుని ఆడేవారు. జిల్లా పోటీల్లో మూడంతస్తుల నిలువు కట్టారు. డిల్లేసు భుజాల మీద అసిరినాయుడు నిలబడ్డాడు. అసిరినాయుడి భుజాల మీద ఇంకొకడు ఎక్కబోతుండగా మొత్తం కూలిపోయింది. కప్పు పక్క ఊరికి పోయింది. డిల్లేసు భుజం వంచేశాడని అసిరినాయుడు అన్నాడు. అసిరినాయుడు పైన తుమ్మాడని డిల్లేసు అన్నాడు. ఆనాటినుంచి మాటల్లేవు.

మాటల్లేవంటే పూర్తిగా లేవని కాదు. ఎదురెదురు ఇళ్లు కదా, తిట్టుకోవడం ఎలాగూ తప్పదు. కాబట్టి అసిరినాయుడు తన గేదెతో చెప్పేవాడు, డిల్లేసు తన నీళ్లడ్రమ్ముతో చెప్పేవాడు. గేదె పోయాక అసిరినాయుడు రెండు నెలలు ఇబ్బంది పడి, చివరికి కరెంటు స్తంభానికి చెప్పడం అలవాటు చేసుకున్నాడు. ఊరు తరలినప్పుడు అసిరినాయుడు కదిలితేగానీ తాను కదలనని డిల్లేసు, డిల్లేసు కదిలితేగానీ తాను కదలనని అసిరినాయుడు భీష్మించుకుని కూర్చోబట్టే ఆఖరి రోజుదాకా ఈ ముగ్గురూ మిగిలారు.

"ఆడి సాచ్చితో నాను నానవ్వడమా?" అన్నాడు అసిరినాయుడు వరండా స్తంభంతో. "అంతకంటే ఎవుడూ కాకండా ఆ బూడిద బస్సెక్కడం మేలు."

నీలమ్మ లేచి కొంగు బిగించింది.

"ఎక్కడికే?"

"దాహమేస్తంది. మంచినీళ్లు తాగొస్తాను."

ఆమె వీధి దాటి డిల్లేసు అరుగు ఎక్కడం అసిరినాయుడు చూశాడు. ఈ నలభై ఐదేళ్లలో ఆమె ఆ మెట్టు తొక్కలేదు. ఏదో చెబుతోంది. ఏం చెబుతోందో వినబడలేదు. కాళ్లు పట్టుకుంటోందేమోనని అతనికి ఒళ్లు మండింది. బెంచీ మీదనుంచి లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. ఈలోగా డిల్లేసు ఇంట్లోకి వెళ్లి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, పెళ్లికి బయలుదేరినవాడిలా వీధి దాటి వచ్చాడు.

"ఓ మిషినమ్మా," అన్నాడు వస్తూనే యంత్రంతో, "సాచ్చి సెప్పడానికొచ్చేను. ఎక్కడ కూకోమంటావు?"

"దానికి చెవుల్లేవు. ఇక్కడ కూర్చోండి," అంది ఇందుమతి, టోపీ పెడుతూ.

అసిరినాయుడు షట్టరు వెనుకకు వెళ్లనన్నాడు. నీలమ్మ రెక్క పట్టుకుని నిలబెట్టింది. షట్టరు లేచింది. ఇద్దరి కళ్లూ కలిశాయి. అంత దగ్గరగా ఒకరినొకరు చూసుకుని ఎన్నేళ్లయిందో.

డిల్లేసు కుర్చీలోంచి సగం లేచి, ఊరంతా ఉన్న రోజుల్లో పలికినంత గట్టిగా పలికాడు. "ఈ మనిసి నాకు తెల్దు! ఈడెవుడో నానెరగను! మా ఊరోడే కాడు!"

"తొంభై ఎనిమిది," అంది యంత్రం. "గుర్తింపు ధ్రువీకరించబడింది. అభినందనలు."

డిల్లేసు యంత్రం వైపు తిరిగాడు. "ఇదేటిది? తెల్దంటన్నాను గదా! రెండోపాలి పెట్టండి! ఓ మిషినమ్మా, సరిగ్గా ఇను, ఈడు పచ్చి దొంగ, ఈడి మొకం నానెప్పుడూ సూడ్నేదు!"

ఇందుమతి నవ్వు ఆపుకుంటూ మళ్లీ పెట్టింది.

"తొంభై తొమ్మిది."

యంత్రం కార్డును బయటికి నెట్టింది. పైల అసిరినాయుడు, తండ్రి పేరు, ఊరు, అన్నీ అచ్చంగా. ఇందుమతి ఆ అంకెను రెండుసార్లు చూసుకుంది. అంతవరకు ఆ యంత్రం చూపించిన పెద్ద అంకె తొంభై మూడు. అది ఎనిమిదేళ్ల తరువాత కొడుకును చూసిన తల్లిది.

అసిరినాయుడు కార్డు పట్టుకుని నవ్వాడు. నవ్వుతుంటే కళ్లవెంట నీళ్లొచ్చాయి. ప్రయోగశాల కళ్లే అయినా నీళ్లు సొంతవే. "ఏం సెప్పేవే ఆడికి?"

"ఏటుంది మావా. నువ్వొచ్చి ఆడెవుడో తెల్దని ఒక్క ముక్క సెప్పు డిల్లేసన్నా, మా ఆయన పని అయిపోద్ది, అన్నాను. అంతే, సొక్కా కోసం ఇంట్లోకి పరిగెట్టేడు."

డిల్లేసు ఎవరి వంకా చూడకుండా టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. ఇస్త్రీ చొక్కా గుండీ ఒకటి సర్దుకున్నాడు. అప్పుడు ఇందుమతి అడిగింది, "తాతగారూ, మరి మీ గుర్తింపు?"

అతనివీ జీడి వేళ్లే. అతనివీ సర్కారు కళ్లే. భార్య పోయి తొమ్మిదేళ్లయింది. పిల్లల్లేరు. గడియారం మూడు దాటింది.

ముందు నీలమ్మ కూర్చుంది. నలభై ఒకటి వచ్చింది. ఇంకో రెండుసార్లు పెట్టినా అంతకు మించలేదు. "మాటల్లేనోడి వంక సూడకూడదని నలబై ఐదేళ్లూ తల దించుకునే నడిసేనమ్మా," అంది ఆమె నొచ్చుకుంటూ. "సూడ్డానికేటి మిగిలింది?"

"నెగే," అన్నాడు అసిరినాయుడు. "టోపీ ఇలాగియ్యి. ఎవుడికీ బాకీ పడను. ఆడు తొంబై తొమ్మిదిచ్చేడు, నానిస్తాను నూరు."

ధైర్యంగా కూర్చున్నాడు. షట్టరు లేచింది. అవతల డిల్లేసు నిలబడి ఉన్నాడు.

"ముప్ఫై ఎనిమిది."

"అదేటి?" అన్నాడు అసిరినాయుడు.

"ఆయనలో అంత అల లేపింది పగ. మీలో కోపం తగ్గిపోయింది తాతగారూ," అంది ఇందుమతి మెల్లగా. "కార్డు చేతికొచ్చింది కదా."

"తగ్గనేదమ్మా! ఇక్కడే ఉండాలి." అతను కళ్లు మూసుకుని, కళ్లజోడు వెతుక్కునేవాడిలా కోపాన్ని వెతుక్కున్నాడు. అరుగు మీద లేదు. నీళ్లడ్రమ్ము దగ్గర లేదు. ఏళ్లతరబడి చేతికందే చోటే పెట్టుకున్నాడు, తీరా అవసరానికి కనబడదే!

నీలమ్మ సాయం పట్టింది. "ఆ పోటీలు గుర్తు తెచ్చుకో మావా. వెయ్యి మంది ముందు పడగొట్టీసేడు నిన్ను. మూతి పగిలింది. ఆడపిల్లలందరూ నవ్వేరు."

"నవ్వేరు," అన్నాడు అసిరినాయుడు కళ్లు మూసుకునే. "అందర్లోకీ నువ్వే గట్టిగా నవ్వేవు. ఆ నవ్వినమ్మాయెవురని అడిగే గదే, మీ ఇంటికి మనిసిని పంపించేను."

"అయ్యో రాత," అని నీలమ్మ నాలుక్కరుచుకుంది.

రెండోసారి షట్టరు లేచింది. అసిరినాయుడు పళ్లు బిగించి చూశాడు. శత్రువు కనబడితే కదా! చెవుల మీద వెంట్రుకలు మొలిచిన ముసలాయనొకడు, తనకంటే రెండంగుళాలు ఎక్కువ వంగిపోయి, దువ్విన తల చెదరకుండా నిలబడి ఉన్నాడు. ఒంటరిగా ఉంటూ చొక్కా ఇస్త్రీ ఎవరు చేశారో, తనే చేసుకున్నాడేమో.

"ఇరవై తొమ్మిది."

నకిలీ ముఖానికి కూడా ముప్ఫై వస్తుంది. ఇక ఒక్క అవకాశమే మిగిలింది. బయట బూడిదరంగు బస్సు డ్రైవరు హారను కొట్టాడు. సముద్రం బడి మెట్టు దాకా వచ్చి, ఒకసారి నాకి చూసి, వెనక్కి వెళ్లింది.

అసిరినాయుడు రేపటి సంగతి ఊహించుకున్నాడు. రేపు పొద్దున్న లేచి కొత్త ఊళ్లో అరుగు మీద కూర్చుంటాడు. ఎదుటింట్లో ఎవరో ముక్కూముఖం తెలియని మనిషి మర్యాదగా నమస్కారం పెడతాడు. తిట్టుకోవడానికి స్తంభం ఉంటుంది, వినడానికి అవతల ఎవరూ ఉండరు. ఆ ఊహకే అతనికి బెంగ పట్టుకుంది. కానీ యంత్రానికి బెంగ లెక్కలోకి రాదు. చూడగానే లేచే అలే కావాలి దానికి.

"నా వల్ల కావట్నేదమ్మా," అన్నాడు అసిరినాయుడు. "ఎంత సూసినా కోపం రావట్నేదు. ఆడికి సెప్పు, నన్ను చమించమని."

ఆ మాట డిల్లేసు విన్నాడు. షట్టరు వెనుకనుంచి బయటికి వచ్చి, అసిరినాయుడి కుర్చీ ముందు నిలబడ్డాడు. యంత్రానికి చెప్పలేదు, స్తంభానికి చెప్పలేదు, నీలమ్మకు చెప్పలేదు.

"ఒరే అసిరీ," అన్నాడు.

నీలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నలభై ఆరేళ్ల తరువాత మొదటిసారి.

"నీ పెళ్లాం నన్ను బోల్తా కొట్టించిందనుకుంటన్నావా? ఈ డాక్టరమ్మ ఇందాక మైకులో అరిసింది గదరా, దీనికి సెవుల్లేవని, అల ఆపడం ఎవుడి సేతిలోనూ నేదని. నాకేటి సెవుడా? అంతా ఇన్నాను. తెల్దంటే నువ్వు పోతావని కాదు, నానేటన్నా నువ్వు బతికిపోతావని తెలిసే వచ్చేను."

"మరి ఎందుకొచ్చేవు?" అన్నాడు అసిరినాయుడు.

"పెళ్లానికి పదకొండు మార్కులోడివైపోనావని యంత్రం అరుస్తంటే ఇనబడింది. ముసిలి గుంటడు, దిక్కు నేనోడు, పోన్లే పాపమని జాలేసింది. జాలేసొచ్చేన్రా నీ మీద. బతుకు. ఏ పూటన్నా గుర్తొస్తే అనుకో, డిల్లేసు పెట్టిన బిచ్చం ఇది అని."

అని నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా, షట్టరు వెనుకకు వెళ్లి నిలబడ్డాడు.

అసిరినాయుడి మెడ మీద నరాలు ఉబ్బాయి. ముందు చెవులు ఎర్రబడ్డాయి, తరువాత ముక్కు, ఆ తరువాత బట్టతల మొత్తం. జాలా? ఆ డిల్లేసుగాడికి తనమీద జాలా? ఊళ్లో ఎవడి జాలి అయినా పడతాడుగానీ...

ఇందుమతి చటుక్కున మీట నొక్కింది. షట్టరు లేచింది. డిల్లేసు పెదవి చివర చిన్న నవ్వు, అది జాలో ఎగతాళో ఎవరికీ తెలియని నవ్వు, తగిలించుకుని నిలబడి ఉన్నాడు.

"నూరు," అంది యంత్రం. "గుర్తింపు ధ్రువీకరించబడింది. అభినందనలు."

అసిరినాయుడు టోపీ పీకి నేలకేసి కొట్టాడు. సర్కారు సొత్తు అని కూడా చూడలేదు. "బిచ్చమా! నీ బిచ్చం ఎవుడడిగేడ్రా? నాను రమ్మన్నానా నిన్ను?"

"నువ్వు రమ్మంటే వచ్చీవోడినేటి? నా ఇష్టమై వచ్చేను."

"ఆ రోజు బుజం వంచీసినోడికి జాలొకటి!"

"తుమ్మినోడివి నువ్వు మాటాడకు!"

ఇద్దరూ అలా అరుచుకుంటూనే ఆకుపచ్చ బస్సు వైపు నడిచారు. మధ్యలో గేదె లేదు, డ్రమ్ము లేదు. ఇందుమతి డిల్లేసు వెనుకే వెళ్లి కార్డు చేతిలో పెట్టి, గొంతు తగ్గించి అడిగింది. "తాతగారూ, నిజంగా తెలిసే వచ్చారా?"

డిల్లేసు కార్డును చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "అదేటో ఆ మిషినమ్మని అడగమ్మా," అని అసిరినాయుడి వెనుక బస్సెక్కేశాడు.

ఆమె తిరిగి వచ్చి బల్ల ముందు కూర్చుంది. వీళ్లిద్దరి సాక్షి పత్రాలు రెండూ నింపి పంపితేగానీ బస్సు కదలదు. సాక్షికి మనిషితో సంబంధం ఏమిటో రాయాలి. భార్య, భర్త, తల్లి, తండ్రి, సంతానం, స్నేహితుడు, ఇతర బంధువు, ఇన్ని గడులు అచ్చయి ఉన్నాయి. పగవాడు అన్న గడి లేదు. ప్రయోగశాలలో ఎవరికీ తోచలేదు.

"ఏం రాయమంటారు మామ్మగారూ?"

నీలమ్మ సంచీ భుజాన వేసుకుంటూ బస్సు కిటికీల వైపు చూసింది. అంత ఖాళీ బస్సులో ఇద్దరూ ఒకే సీటు మీద కూర్చున్నారు. వేరే సీట్లో కూర్చుంటే తిట్టు సరిగ్గా వినబడదేమోనని కాబోలు.

"దగ్గర సుట్టమని రాసీ తల్లీ," అంది.

ఇందుమతి రాసింది. అప్పుడు ఇంకొకటి గుర్తొచ్చింది. ఈ కార్డులను ఏటా మళ్లీ పరీక్షించాలి, అదే సాక్షితో. రెండు పత్రాల కిందా ప్రత్యేక సూచనల గడిలో, కొత్త మొగలిరేవు ఆఫీసువారికి అర్థమయ్యేలా గుండ్రటి అక్షరాలతో రాసి, సంతకం పెట్టింది:

"వీరికి ఎదురెదురు ఇళ్లు ఇవ్వవలెను. వీరిద్దరి మధ్య రాజీ కుదర్చడానికి ఏ అధికారీ, ఏ పెద్దమనిషీ ప్రయత్నించరాదు."